మగవాళ్ళ వంట మీద పీహెచ్‌డీ

గాజువాకలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే శ్రీరామ్మూర్తికి డాక్టరేటు చేతికొచ్చేసరికి పదకొండేళ్ళు పట్టింది. అందులో మొదటి నాలుగేళ్ళూ వేరే విషయం మీద ఖర్చయిపోయాయి. మధ్యలో ఒక జర్మన్ ఆవిడ వచ్చి ఒక ప్రశ్న అడగకపోయి ఉంటే, ఇంకో రెండేళ్ళలో అదేదో పూర్తిచేసి, అందరిలాగే అట్ట వేయించి లైబ్రరీలో ఇచ్చేసి ఉండేవాడు.

ఆయన పుట్టి పెరిగింది విశాఖ వన్ టౌన్‌లో. తండ్రి పైడయ్య పాలకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి పోర్టులో కళాసీగా చేరినవాడు. ఓడలనుంచి బస్తాలు దింపడం పని. తల్లి సీతాలు పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు అత్తవారి ఊళ్ళోనే ఉండి పొలం పనులు చూసింది. పైడయ్య ఉద్యోగం ఖాయమై, విడిగా ఒక వాటా అద్దెకు దొరికాకే ఆమె విశాఖ వచ్చింది. మరుసటి ఏడు శ్రీరామ్మూర్తి, ఆ తర్వాత ఒక చెల్లెలు పుట్టారు.

చరిత్రలో ఎం.ఏ. చేశాక పోర్టు కార్మిక సంఘాల మీద పరిశోధనకు యూనివర్సిటీలో పేరు నమోదు చేసుకున్నాడు. కళాసీ కొడుకు కళాసీల సంఘం గురించి రాయడం అందరికీ సబబుగానే కనిపించింది. గైడు కూడా సంతోషించాడు. రెండువేల ఎనిమిదిలో యూనివర్సిటీలో జరిగిన సదస్సులో శ్రీరామ్మూర్తి ఒక పాత సమ్మె మీద పేపరు చదివాడు. ఎవరు నాయకత్వం వహించారు, ఏ డిమాండ్లు గెలిచారు, ఏవి ఓడారు, అన్నీ ఉన్నాయి అందులో.

ముందు వరసలో ఆ సదస్సుకు పిలిచిన జర్మన్ చరిత్రకారిణి కూర్చుని ఉంది. పేరు ఆంకె హార్మ్‌సెన్. ఆ పేరు విని విద్యార్థులు లెక్కల మేడమనుకున్నారు. ఆవిడ రాసేది హాంబర్గ్ రేవులో పనిచేసిన మగవాళ్ళ గురించి, వాళ్ళ ఇళ్ళ గురించి, ఇంట్లో ఎవరు ఏ పని చేశారన్న దాని గురించి. సామాజిక చరిత్ర, స్త్రీ పురుష సంబంధాల చరిత్ర ఆమె రంగం. పేపరు అయిపోయాక చెయ్యెత్తింది.

"సమ్మె జరిగినన్నాళ్ళూ ఈ మనుషులకు అన్నం ఎవరు వండిపెట్టారు?"

"వాళ్ళ భార్యలు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"వాళ్ళలో చాలామంది కుటుంబాలు ఊళ్ళలోనే ఉండేవని మీరే చదివారు ఇందాక."

హాల్లో నవ్వులు లేచాయి. శ్రీరామ్మూర్తి కాగితాలు తిరగేశాడు. తర్వాతి వక్తను పిలిచారు.

అతనికి కోపం వచ్చింది. సమ్మె గురించి చెబితే అన్నం గురించి అడుగుతుందేమిటని టీ తాగుతూ స్నేహితులతో అన్నాడు కూడా. కానీ ఆ ఆదివారం వన్ టౌన్‌లో తండ్రి దగ్గరికి వెళ్ళినప్పుడు, అరుగు మీద కూర్చుని అదే ప్రశ్న వేశాడు.

"నాన్నా, అమ్మ రాకముందు మీరందరూ ఒకే గదిలో ఉండీవోరు కదా. వంట ఎవులు సేసీవోరు?"

"ఎవులేటి? మేవే," అన్నాడు పైడయ్య.

"నీకొచ్చేటి వంట?"

"రాకపోడవేటి! గదిలో అందరికీ ఒకే కుండ. కవ్వళ్ళ సేపలు సవగ్గా దొరికితే పులుసు కాసీవోణ్ణి. పులుసులో సేప పడ్డాక గరిటె ఎట్టకూడదురా, ఇరిగిపోద్ది. కుండని రెండు సేతుల్తో అట్టుకుని ఇలగ తిప్పాల." ముసలాయన రెండు చేతులూ గాల్లోకెత్తి గుండ్రంగా తిప్పి చూపించాడు. రిటైరైన తర్వాత ఆయన అంత హుషారుగా మాట్లాడటం కొడుకు చూడలేదు.

గుమ్మంలో సీతాలు నిలబడి ఉంది. చేట చేతిలో ఉంది.

"ఏటి? నువ్వు పులుసు కాసీవోడివా?"

పైడయ్య చేతులు దించేశాడు.

"సిన్నది పుట్టినప్పుడు నాకు జొరం తగిలి లెగలేపోతే పక్కింటి సన్యాసమ్మ గంజి కాసి తెచ్చీది. నువ్వు ఈ గుమ్మంలోనే కూకుని బీడీ కాల్చీవోడివి. మగోడు, ఆడికేటి తెలుసులే అనుకున్నాను నాను. ఇన్నేళ్ళూ తెలీదనుకున్నాను. తెలిసే సెయ్యలేదన్నమాట!"

ఆ పూట ఆమె భర్త కంచంలో వడ్డించి, మారు అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు రెండు ముద్దలు తిని లేచాడు. బస్సులో గాజువాక వెళ్తున్నంతసేపూ అతనికి సమ్మె గుర్తుకు రాలేదు.

మరుసటి వారం ఆంకెను వెతుక్కుంటూ గెస్టు హౌసుకు వెళ్ళాడు. ఆమె ఆరు నెలలు విశాఖలోనే ఉండబోతోంది. జరిగింది చెప్పాడు. ఆమె నోట్సు రాసుకోలేదు. "మీ అమ్మగారు ఇప్పుడు మాట్లాడుతున్నారా ఆయనతో?" అని మాత్రం అడిగింది.

అలా విషయం మారింది. ఊళ్ళ నుంచి ఒంటరిగా వచ్చి, గదుల్లో కలిసి వండుకుని తిన్న మగవాళ్ళు భార్యలు రాగానే వంట ఎందుకు మానేశారు, ఎలా మర్చిపోయినట్టు ఉండగలిగారు, ఇదీ కొత్త పరిశోధన. గైడు నొసలు చిట్లించాడు.

"యూనియన్ల మీద రాస్తే రేపు ఉద్యోగానికి పనికొస్తుంది. వంట మీద రాస్తే హోటలు పెట్టుకోవాలి."

ఆటోనగర్‌లో లేతు మిషను నడిపే బావమరిది గోపి ఇంకా సూటిగా అడిగాడు. "ఏటి బావా, వంటల పుస్తకం రాత్తన్నావంట కదా! అందులో బొమ్మలుంటాయేటి?"

శ్రీరామ్మూర్తి సాయంత్రాలు వన్ టౌన్ సందుల్లో, సెలవు రోజుల్లో కూర్మన్నపాలెంలో తిరగడం మొదలుపెట్టాడు. వన్ టౌన్‌లో పోర్టు వాళ్ళు, కూర్మన్నపాలెంలో గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి స్టీలు ప్లాంటుకు వచ్చిన వాళ్ళు. మగవాళ్ళెవరూ ఒప్పుకునేవారు కాదు. మేం మెస్సులో తినేవాళ్ళమండీ అనో, ఎవరో వంటమనిషి ఉండేవాడనో అనేవారు. భార్యాభర్తలను విడివిడిగా కలవమని ఆంకె చెప్పింది. భార్య ఇంట్లో లేని పూట వెళ్తే కథ వేరుగా ఉండేది. భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక క్రేన్ ఆపరేటరు పచ్చిరొయ్యల ఇగురు ఎలా చేసేవాడో వివరంగా చెబుతూ, బయట స్కూటీ ఆగిన చప్పుడు వినగానే, "అదండీ, అప్పట్లో బోనసు కూడా సరిగ్గా ఇచ్చేవారు కాదు," అని మాట మార్చేశాడు.

పోర్టులో పైడయ్యతో పాటు ఒకే గదిలో ఉన్న అబ్బులు అప్పటికింకా బతికే ఉన్నాడు. చెంగల్రావుపేటలో కూతురి దగ్గర ఉండేవాడు. అతనికి దాచుకోవాల్సిన అవసరమేమీ ఉన్నట్టు లేదు.

"మీ అయ్య సేతి వంటే వంట బాబూ. అందుకే బస్తాల పని అయిపోగానే ఆడు ముందొచ్చి పొయ్యి ముట్టించీవోడు. ఆడి వాటా అద్దె మేవందరం ఏసుకునీవోలం. మీ అయ్యని గదిలో ఏటని పిలిసీవోలమో తెల్సా? వదినా అని. వదినా అన్నమెట్టు, వదినా పులుసెయ్యి..." అబ్బులు పడీ పడీ నవ్వాడు. "ప్రెతీ గదికీ ఒక వదిన ఉండీవోడు."

శ్రీరామ్మూర్తి మిగతా గదుల వాళ్ళను అడిగాడు. నిజమే. కొన్ని గదుల్లో వదిన, కొన్నిట్లో అక్క, కూర్మన్నపాలెంలో ఒకచోట పిన్నిగారు. వండేవాడికి గౌరవమూ ఉంది, వెక్కిరింపూ ఉంది. ఒకే పిలుపులో రెండూ ఉండేవి. పరిశోధనకు ఇంతకంటే మంచి ఆధారం దొరకదని ఆంకె అంది. దొరికింది తండ్రి దగ్గర కావడంతో అతను చాలా రోజులు ఆ పేజీ రాయలేదు.

చివరికి పైడయ్యనే అడిగాడు. తల్లి గుడికి వెళ్ళిన పూట చూసుకుని అడిగాడు.

"అబ్బులు సెప్పీసినాడేటి?" అన్నాడు పైడయ్య. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "మీ అమ్మ కొత్తగా వచ్చినప్పుడు, కుళాయి కాడ నీల్లు పడతన్నాం ఇద్దరవూ. ఆ అబ్బులుగాడు అటేపు నుంచి వదినా అని కేకేసినాడు. మీ అమ్మ తననే అనుకుని ముసుగు సర్దుకుని, ఏటి మరిదీ అని పలికినాది. అందరూ నవ్వినారు. ఎందుకు నవ్వినారో దానికి తెలీదు. ఆ దినం నుంచి పొయ్యి కాడికి ఎల్లబుద్ది కాలేదు నాకు."

"జొరం వచ్చినప్పుడైనా...?"

"అప్పటికి అలవాటు తప్పిపోనాది." అన్నాడు పైడయ్య. "రాసుకుంటే రాసుకో. నా పేరు ఎయ్యకు."

పేరు వేయలేదు. ఈ సంగతి సీతాలుకు ఎవరూ చెప్పలేదు. ఆమె మాత్రం అప్పుడప్పుడూ, కూరలో ఉప్పు తక్కువైందని భర్త అంటే, "నీకు తెల్సు కదా, నువ్వే ఒండుకో," అనడం మొదలుపెట్టింది. పైడయ్య ఉప్పు గురించి అనడం మానేశాడు. వాళ్ళ మధ్య మారిందంటే అంతే మారింది.

ఆంకె తిరిగి వెళ్ళేముందు ఒక సాయంత్రం పోర్టు గేటు ఎదుట టీ తాగుతున్నప్పుడు, ఆమెది పర్మినెంటు ఉద్యోగం కాదని శ్రీరామ్మూర్తికి తెలిసింది. జర్మనీలో పీహెచ్‌డీ ఒక్కటే చాలదట. దాని తర్వాత అంతకంటే పెద్ద గ్రంథం ఇంకొకటి రాసి మళ్ళీ పరీక్షకు నిలబడాలి. అన్నీ అయినా ప్రొఫెసరు పోస్టులు కొన్నే. కాంట్రాక్టు మీద ఎన్నేళ్ళు ఉండొచ్చో చట్టం గడువు పెట్టింది. ఆ లోపల కుదురుకోకపోతే యూనివర్సిటీ వదిలిపెట్టాల్సిందే. ఆమెకు నలభై ఆరేళ్ళు. గడువు దగ్గరపడింది.

"మీ దేశంలోనూ కాంట్రాక్టేనా మేడం?" అన్నాడతను. అతని జీతం అప్పటికి వేసవి సెలవుల్లో ఆగిపోయేది.

"ఇంటర్వ్యూల్లో నన్ను ఏం అడుగుతారో తెలుసా? ఇది సరే, మీ అసలు సబ్జెక్టు ఏమిటి అని."

ఇద్దరూ నవ్వుకున్నారు. తనకంటే పెద్ద చదువు, పెద్ద దేశం, అయినా తన కష్టమే ఆమెదీ అనుకోగానే శ్రీరామ్మూర్తికి ఆమె మీద ఉన్న భయం పోయింది. ఆ రోజు నుంచి ఈమెయిళ్ళు పొడుగ్గా రాయడం మొదలుపెట్టాడు. ఆమె అతని అధ్యాయాలన్నీ దిద్ది పంపింది. తన యాభై ఒకటో ఏట ఉత్తర జర్మనీలో ఒక చిన్న యూనివర్సిటీలో ఆమె ప్రొఫెసరైంది. ఆ తర్వాత రెండేళ్ళకు శ్రీరామ్మూర్తికి డాక్టరేటు వచ్చింది.

డాక్టరేటు అయితే వచ్చింది గానీ, అసిస్టెంట్ ప్రొఫెసరు పోస్టు రాలేదు. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి, "మగవాళ్ళు అన్నం వండుకోవడం చరిత్ర ఎలా అవుతుందయ్యా?" అన్నాడు. శ్రీరామ్మూర్తి చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో వాళ్ళకు టీ వచ్చింది. ఆ నోటిఫికేషను తర్వాత కోర్టు కేసుల్లో పడి, ఎవరికీ రాకుండానే పోయింది.

ఆంకె అప్పటికి రెండు రేవుల మీద పెద్ద పుస్తకం ఒకటి రాస్తోంది, హాంబర్గ్ మీద సగం, విశాఖ మీద సగం. అచ్చుకు వెళ్ళేముందు విశాఖ భాగం అతనికి పంపింది. శ్రీరామ్మూర్తి భార్య గౌరీశ్వరి ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. భర్త రికార్డు చేసుకొచ్చిన మాటలన్నీ విని, ఆఫీసు నుంచి వచ్చాక తెలుగులో టైపు చేసింది ఆమే. ఆంకె పంపినదాన్ని కూడా భర్త పక్కన కూర్చుని చదివింది.

"ఇవన్నీ మీరు తెచ్చినవే కదా?"

"అవును."

"మీ పేరేది?"

ముందుమాటలో ఉంది. కృతజ్ఞతలు చెప్పిన పదిహేను మందిలో ఒకటి.

"పని చేసినవాళ్ళ పేర్లు రాయరు అనే కదండీ ఆవిడ పుస్తకమంతా?" అంది గౌరీశ్వరి.

శ్రీరామ్మూర్తికి ఆంకె చేసిన మేలు గుర్తుంది. ఆమె దిద్దకపోతే తన పరిశోధన ఒక కొలిక్కి వచ్చేది కాదు. అయినా వారం తర్వాత, చాలా మర్యాదగా, నాలుగు వాక్యాల ఈమెయిలు రాశాడు. విశాఖ భాగానికి ఇద్దరి పేర్లూ ఉండాలని తన అభిప్రాయమని చెప్పాడు.

జవాబు రాలేదు. అతను రోజూ కాలేజీ నుంచి రాగానే కంప్యూటరు తెరిచేవాడు. మేడంతో చెడిపోయిందనుకున్నాడు. భార్య మాట విని తప్పు చేశాననీ అనుకున్నాడు, పైకి అనలేదు. నెల దాటాక జవాబు వచ్చింది. ఆంకె పరిశోధక విద్యార్థినిగా ఉన్న రోజుల్లో ఒక ప్రొఫెసరు పుస్తకానికి మూడేళ్ళు ఆధారాలు వెతికిపెట్టిందట. ఆయన ముందుమాటలో ఆమె ఓర్పుకు కృతజ్ఞతలు చెప్పాడట. ఆ వాక్యం ఇప్పటికీ కంఠస్థమని రాసింది. "మీ ఈమెయిలు చదివి మొదట కోపం వచ్చింది. కోపం ఎందుకు వచ్చిందో ఆలోచించడానికి ఇన్నాళ్ళు పట్టింది. మీరన్నది న్యాయం. రెండో భాగం మనిద్దరిదీ."

శ్రీరామ్మూర్తి ఆ ఈమెయిలును గౌరీశ్వరికి చదివి వినిపించాడు. ఆమె విని, "మరి మీ థీసిస్ ముందుమాటలో నాకేం రాశారో గుర్తుందా?" అంది.

అతను లేచి వెళ్ళి బీరువా మీది కాపీ తీసి చూశాడు. 'నా శ్రీమతి సహనానికి' అని ఉంది.

తర్వాత అతను ఆంకెకు ఇంకో ఈమెయిలు రాశాడు. అచ్చయిన పుస్తకంలో రెండో భాగం మొదట్లో ఇద్దరు చరిత్రకారుల పేర్లు, వాటి కింద, ముఖాముఖీలన్నీ విని రాసింది గౌరీశ్వరి అని ఉంది. గౌరీశ్వరి ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి ఆఫీసులో చూపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక అక్షరం తప్పు పడింది. అది మాత్రం ఆమె ఇప్పటికీ అంటూ ఉంటుంది.

ఆ పుస్తకం వచ్చిన చలికాలంలో శ్రీరామ్మూర్తిని మూడు నెలలు తమ యూనివర్సిటీకి పిలిచింది ఆంకె. గెస్టు హౌసులో వంటగది ఉంది, వండిపెట్టేవాళ్ళు లేరు. సాయంత్రమైతే ఆ దేశంలో చాలామంది పొయ్యి వెలిగించరు. ఆంకె కూడా రొట్టె, చీజు, ఊరబెట్టిన దోసకాయ ముక్కలతో సరిపెట్టుకునేది. వారం తిరిగేసరికి అతనికి అన్నం మీద బెంగ పుట్టింది. మగవాళ్ళ వంట గురించి మూడువందల పేజీలు రాసిన మనిషికి ఎసరు ఎంత పెట్టాలో తెలియదు. మొదటిరోజు మాడింది, రెండోరోజు జావైంది. ఈ సంగతి ఆంకెకు చెబితే ఆమె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తర్వాత ఉపన్యాసంలో ఆ మాటతోనే అతణ్ణి పరిచయం చేసింది. విద్యార్థులూ నవ్వారు. ఆ నవ్వు అతనికి ఇబ్బంది కలిగించలేదు. తిరిగి వచ్చేనాటికి పప్పు, అన్నం, రసం వచ్చాయి. ఇంటికొచ్చాక వారంలో కొన్ని రోజులు వండుతున్నాడు. గౌరీశ్వరి తింటుంది, మెచ్చుకోదు.

పైడయ్య రెండువేల ఇరవై ఒకటిలో పోయాడు. కర్మకాండ రోజుల్లో సీతాలు చుట్టాలతో, "ఆయన వంట బాగా సేసీవోరంట. నాను తిన్లేదు," అంది ఒకసారి.

ఆ తర్వాత ఏడాది కాలేజీ బి.ఏ. ఎత్తేసింది. చేరేవాళ్ళు లేరు. శ్రీరామ్మూర్తి ఇప్పుడు గాజువాకలోనే గ్రూపు పరీక్షల కోచింగు సెంటరులో చరిత్ర చెబుతున్నాడు. తేదీలు, యుద్ధాలు, ఒప్పందాలు. పిల్లలకు బాగా చెబుతాడని పేరుంది. జీతం కాలేజీలో కంటే మెరుగు. నష్టపోయానని ఎవరితోనూ అనడు. అడిగితే, ఆ మాట వేరే వాళ్ళు తేల్చాలంటాడు.

ఆంకె మొన్నామధ్య ఈమెయిలు రాసింది. త్వరలో రిటైరవుతోంది. ఆమె తర్వాత ఆ పోస్టు ఉంచరట, ఆ డబ్బుతో ఇంకేదో విభాగం పెడతారట. వీడ్కోలు సభలో ఇంకెవరో తన జీవితం గురించి ప్రసంగించబోతున్నారనీ, తాను మాట్లాడకుండా వినడం కష్టమనీ రాసింది. మీరిప్పుడు ఏం రాస్తున్నారని చివర్లో అడిగింది.

రాస్తున్నాడు. కూర్మన్నపాలెంలో, స్టీలు ప్లాంటులో రిటైర్మెంటు గడువుకు ముందే ఉద్యోగాలు మానేసి పగలంతా ఇంట్లో ఉంటున్న మగవాళ్ళ గురించి. దీనికి యూనివర్సిటీ లేదు, గైడు లేడు. ఆదివారం పొద్దున్న కోచింగు ఉండదు కాబట్టి బస్సెక్కి వెళ్తాడు.

మొన్న వెళ్ళిన ఇంట్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మావతి అనే ఆవిడ తలుపు తీసింది. భర్త లోపల టీవీ చూస్తున్నాడు.

"ఆయన్ని పిలవమంటారా అండీ? ఇంట్లోనే ఉన్నారు. ఈ మధ్య ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు."

"ఆయనతో తర్వాత మాట్లాడతానండీ. ముందు మీతో."

"నాతోనా? నాకేం తెలుసండీ?" అందామె. లోపలికి ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసి, వరండాలో రెండు కుర్చీలు జరిపింది.